పోలిక నమూనా

గవర్నర్‌పేటలో, బట్టల హోల్‌సేల్ కొట్ల మీది అంతస్తులో, పేటెంట్ ఏజెంటు అచ్యుతరామారావు ఆఫీసు. ఆయనకి ఎదురుగా కూర్చున్నది ఇంజినీరింగ్ కాలేజీలో సిరామిక్స్ చెప్పే రమాసుందరి.

"ఎవరి తరఫున అడుగుతున్నారో మాత్రం నాకు చెప్పకండి రావుగారూ."

"అదే ముందు చెబుదామనుకున్నానండీ. తెలిస్తే మీకూ—"

"వద్దు. తెలిస్తే మనసు ఒక పక్కకి ఒరుగుతుంది. డేటా చూడమన్నారు, డేటా చూస్తాను. సంగతేంటో చెప్పండి."

"సరే, మీ ఇష్టమండీ. ఇది కరెంటు స్తంభాల మీద పెట్టే పింగాణీ ఇన్సులేటర్లకి సంబంధించిన దరఖాస్తు. థర్మల్ స్టేషన్ బూడిదతో చేసినవి. దీనికి పేటెంటు ఇవ్వొద్దని ఒక టైల్స్ కంపెనీ అభ్యంతరం పెట్టింది. కనిపెట్టినామె చూపించిన పరీక్షలకీ, ఆమె అడుగుతున్న హక్కుకీ పొంతన లేదని వాళ్ళ వాదన. త్వరలో విచారణ ఉంది. ఆ పరీక్షలు సరిపోతాయా, చాలవా అన్నది తెలిసినవాళ్ళెవరైనా చదివి చెప్పాలి."

"కనిపెట్టినామె అన్నారు."

"అవునండీ."

"పేరు?"

"తరఫు వద్దన్నారు, పేరు కావాలంటున్నారు."

"మొదటి పేజీ మీద ఉంటుందిగా. ఇలా ఇవ్వండి... ఆఁ. ప్రత్యూష."

"మీ శిష్యురాలే కదండీ?"

"నా దగ్గర ఎంటెక్ చేసింది. శిష్యురాలా కాదా అన్నది ఆవిడ ఒప్పుకోవాలి. మొన్న కాలేజీలో ఆవిడకి సన్మానం చేశారు, విన్నారా? శాలువా, బొకే, ఫొటోలు. ఆవిడ ఎంత గొప్పదో మైకులో చదివే పని నాకు అంటగట్టారు. చదివాను. తర్వాత ఆవిడ లేచి అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. ప్రిన్సిపాల్‌గారికి, కరెంటు డిపార్టుమెంటువాళ్ళకి, ఫర్నేస్ బాగుచేసే యేసుకుమార్‌కి, ఆ తర్వాత రమాసుందరి మేడంకి. మెకానిక్ తర్వాత, రావుగారూ."

"కాఫీ తెప్పించనా అండీ?"

"వద్దు. నాకేం బాధ లేదు. వరస చెబుతున్నానంతే."

"మీకు ఇబ్బందిగా ఉంటే వేరేవాళ్ళని—"

"వేరేవాళ్ళెవరున్నారు? థర్మల్ బూడిదతో పుష్కరకాలం కుస్తీ పట్టినవాళ్ళు ఇంకొకరుంటే పిలవండి. దీనితో ఇన్సులేటర్లు చెయ్యొచ్చని మొదట అన్నది నేను. అప్పుడు అందరూ నవ్వారు."

"చేశారా అండీ?"

"చేశాను. పగిలిపోయాయి. ఎన్నిసార్లు చేసినా పగిలాయి."

"ఈమెవి పగల్లేదు."

"పగల్లేదు. అందుకేగా మనం ఇక్కడ కూర్చున్నది. ఆవిడ ఏం కలిపింది?"

"ఊక బూడిదండీ. రైసుమిల్లుల్లో మిగిలేది. నూటికి అయిదు నుంచి పదిహేను పాళ్ళు అది కలిపితే ఇన్సులేటర్ బాగా గట్టిపడుతుంది, కాబట్టి ఆ పాళ్ళ మీద హక్కు నాదీ అని ఆమె క్లెయిము. కలిపిన ముక్క, కలపని ముక్క రెండూ చేసి, మెషీన్ మీద విరిచి చూపించారు. కలపనిదాన్ని ‘పోలిక నమూనా’ అన్నారు. కలిపినది దానికన్నా చాలా ఎక్కువ బరువు ఓర్చిందండీ."

"ఆగండాగండి. పోలిక నమూనాని ఎంత వేడిలో కాల్చింది?"

"అవన్నీ నాకు అంత—"

"ఇదుగో, పట్టికలో ఉంది. ఊక కలిపినది పదకొండు వందల ఎనభై డిగ్రీల్లో కాల్చింది. కలపనిదేమో పదకొండు వందల ఇరవైలో. అరవై డిగ్రీలు తక్కువ."

"దానివల్ల తేడా వస్తుందా అండీ?"

"మీరు రెండు అట్లు పోశారనుకోండి. ఒకదానిమీద ఉల్లిపాయ ముక్కలు చల్లి బాగా కాల్చారు. రెండోది సగం పచ్చిగా ఉండగానే తీసేశారు. తర్వాత, చూశారా, ఉల్లిపాయ వల్లే అట్టు కరకరలాడిందీ అంటారా?"

"అననండీ."

"ఆవిడ అంది."

"ఇంత త్వరగా దొరుకుతుందనుకోలేదండీ నేను."

"ఏదో ఒకటి ఉంటుందని నాకు తెలుసు. సన్మానం రోజే అనుకున్నాను."

"సన్మానం రోజుకి మీరు ఈ ఫైలు చూడలేదుగా అండీ?"

"ఫైలు నేను ఇంటికి తీసుకెళ్తాను. రసీదు ఏమైనా ఇవ్వాలా?"

ఇంటికి వచ్చేసరికి భర్త విఠల్ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి, తొందరపడి మాట్లాడడు. రమాసుందరి ఆటో దిగుతూనే, చెప్పులతోనే మెట్లెక్కి మొదలుపెట్టింది.

"చెప్పానా నేను? చెప్పానా లేదా?"

"ఏం చెప్పావు?"

"ఆ పిల్ల పరీక్షల్లో ఎక్కడో గొయ్యి ఉందని."

"ఏ పిల్ల?"

"ఎంతమంది పిల్లలున్నారండీ నాకు అలా చెప్పుకోడానికి? ప్రత్యూష."

"ఓ. మళ్ళీనా."

"మళ్ళీనా అంటే ఏంటి?"

"ఏం లేదు. ఇవాళ కాయలు లేతగా ఉన్నాయి. చెప్పు, వింటున్నాను."

"టైల్స్ కంపెనీవాళ్ళు అచ్యుతరామారావుగారిని పెట్టుకున్నారు. ఆయన నన్ను పిలిచి ఆ పిల్ల దరఖాస్తు చేతిలో పెట్టాడు. తప్పు ఉందేమో చూడమన్నాడు."

"కంపెనీ తరఫున అని ఆయన చెప్పాడా?"

"చెప్పక్కర్లేదు. తప్పు వెతకమని పిలిచేది తప్పు కావాల్సినవాళ్ళేగా."

"నువ్వు అడిగావా?"

"అడగను. అడక్కూడదు. నేను నిష్పక్షపాతంగా ఉండాలి."

"నిష్పక్షపాతంగా ఉన్నవాళ్ళు చెప్పులు విప్పి వస్తారు సుందరీ."

"...విప్పాను. సరేనా? ఇప్పుడు వినండి. కలిపిన ముక్కని ఎక్కువ వేడిలో కాల్చింది, కలపనిదాన్ని తక్కువ వేడిలో కాల్చింది. గట్టిదనం ఊక బూడిద వల్ల వచ్చిందా, వేడివల్ల వచ్చిందా? ఎవరు చెప్పగలరు? ఆవిడ చెప్పలేదు. అసలు ఊక బూడిద మాట మొదట అన్నది ఎవరో తెలుసా మీకు?"

"ఎవరు?"

"నేను."

"నువ్వు అన్నది అంట్లు తోముకోడానికి పనికొస్తుందని. ఆ పిల్ల గుడివాడ మిల్లునించి సంచీలో కాస్త పట్టుకొచ్చి, ఇదుగో, ఇక్కడే కూర్చుంది. నేను టీ ఇచ్చాను. నువ్వు ఆ మాట అన్నావు. ఆ పిల్ల సంచీ మూతి కట్టేసుకుని టీ తాగి వెళ్ళింది."

"ఆ మాటైతే నా నోట్లోంచే వచ్చిందిగా."

"వచ్చింది."

"అదే నేను చెప్పేది. ఇన్నేళ్ళు ఆ బూడిదలో చేతులు పెట్టి నేను కూర్చుంటే, పెడనలో మగ్గాల మధ్య పెరిగిన పిల్ల, పింగాణీ అంటే టీ కప్పు తప్ప తెలియని పిల్ల, వచ్చి రెండేళ్ళు తిరక్కుండా—"

"ఆ మాట అక్కడితో ఆపు. తర్వాత నువ్వే బాధపడతావు."

"ఆపాను. నాది అసూయ అనుకుంటున్నారు కదూ?"

"నేనేం అనుకోలేదు."

"అనుకున్నారు. మీ చెయ్యి ఆగింది."

"సరే, అనుకున్నాను."

"అయితే అసూయే. ఉంది. ఉంటే? ఆ అరవై డిగ్రీలు తగ్గించింది నా అసూయా? కాగితం మీద అచ్చుగుద్ది ఉంది."

"ఉంది. అది కాదనను."

"మరి?"

"మరేం లేదు. కలపనిదాన్ని కూడా ఆ ఎక్కువ వేడిలోనే కాలిస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, గట్టిపడుతుంది. ఆవిడ ముక్కతో సమానం అవుతుంది. అప్పుడు పేటెంటూ లేదు, శాలువా కూడా తిరిగి ఇచ్చెయ్యొచ్చు."

"తెలిసే అంటున్నావా, అవ్వాలని అంటున్నావా?"

"ఈ కాయకి ఈనె ఇంకా అలాగే ఉంది చూడండి."

"ఊరికే అడిగాను."

"ఊరికే అడగరు మీరు. స్టేషన్‌లో మీవాళ్ళకి చెప్పి ఒక బస్తా బూడిద తెప్పించగలరా?"

"నీకు మొదటి బస్తా తెచ్చింది నేనేగా. ఫోన్ చేస్తాను."

బూడిద వచ్చింది. ఊక బూడిద కోసం రమాసుందరి తనే మిల్లుకి వెళ్ళింది. ఎందుకండీ మీకిది అని గుమాస్తా అడిగితే అంట్లకి అని చెప్పింది. దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టే కొలిచి, కలిపి, ముక్కలు ఒత్తి ల్యాబులో ఆరబెట్టింది. అవి ఆరుతుండగానే కాలేజీ క్లర్కుగారి కూతురి పెళ్ళి వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఫంక్షన్ హాలు. భోజనాల వరసలో రమాసుందరి పక్క కుర్చీ ఖాళీగా ఉంటే, ఎవరో వచ్చి కూర్చున్నారు. తిరిగి చూస్తే ప్రత్యూష.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా మేడం?"

"కూర్చున్నాక అడిగితే ఏం చెప్పను?"

"బాగున్నారా?"

"నాకేం. నువ్వు ఇంకా బాగున్నావు. చీర కొత్తదా?"

"లేదు మేడం, నాన్న నేసింది. పాతదే."

"బయట కారు చూశాను."

"సెకండ్ హ్యాండ్ మేడం. ఇబ్రహీంపట్నంలో ఇన్సులేటర్లు కాల్చే షెడ్డుకి రోజూ వెళ్ళి రావాలిగా."

"అవును. షెడ్డు కూడా ఉంది కదూ."

"ఒకసారి రండి మేడం. ఫర్నేస్ మీరు చూసి ఒక మాట చెబితే—"

"తీరిక లేదు. ఏదో చదువుతున్నాను ఈ మధ్య."

"ఏంటి మేడం?"

"ఏవో కాగితాలు. వంకాయ కూర వడ్డించమను, చల్లారిపోతుంది."

"కళ్ళు ఎర్రగా ఉన్నాయి మీకు. బాగా శ్రద్ధగా చదువుతున్నట్టున్నారు."

"నా కళ్ళ సంగతి వదిలెయ్. నీ దరఖాస్తు మీద ఎవరో అభ్యంతరం పెట్టారని విన్నాను."

"పెట్టారు మేడం."

"భయంగా ఉందా?"

"ఉంది. ఎక్కడో ఏదో తప్పు ఉండే ఉంటుంది. రాసినదాన్ని కదా, నాకు కనపడట్లేదు."

"ఎవరికీ చూపించలేదా?"

"చూపించాను. అందరూ బాగుందన్నారు."

"బాగుందనడానికేం, నోటి మాట."

"అదే మేడం."

"ఒక మాట అడుగుతాను, ఊరికే. పోలిక నమూనాని తక్కువ వేడిలో ఎందుకు కాల్చావు?"

"...మీరు చదివారా మేడం?"

"ప్రచురించారుగా, ఎవరైనా చదువుకోవచ్చు. ఎందుకు?"

"ఎక్కువ వేడిలో అది ఉబ్బిపోయింది మేడం. పూరీలాగా. లోపలంతా బుడగలు. ఊక లేనిది ఆ వేడికి తట్టుకోదు. దేనికి నప్పే వేడిలో దాన్ని కాల్చి, అప్పుడు పోల్చడమే న్యాయం కదా అనుకున్నాను."

"ఉబ్బిందని ఎక్కడైనా రాశావా?"

"లేదు."

"ఎందుకు రాయలేదు?"

"పాడైపోయిన ముక్క గురించి ఎవరు రాస్తారు మేడం?"

"పాడైపోయిన దాని గురించే ముందు రాయాలి. చదివేవాడికి నీ మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది? తక్కువ కాల్చి మోసం చేసిందనుకుంటాడు."

"మీరలా అనుకున్నారా?"

"నా సంగతి ఎందుకు."

"మీవి కూడా ఉబ్బేవా మేడం, అప్పట్లో?"

"నావి పగిలేవి. ఉబ్బేదాకా నేనెక్కడ రానిచ్చాను? కొంచెం రంగు మారితే చాలు, భయపడి వేడి తగ్గించేసేదాన్ని. అలా చూడకు. పులిహోర తిను."

"ఇంకేమైనా కనపడిందా మేడం, మీరు చదివినప్పుడు?"

"పనిపెట్టుకుని చదివానని నేను చెప్పలేదు. చెయ్యి కడుక్కోవాలి, కాస్త జరుగు."

పూరీలాగా అన్న మాట రమాసుందరిని వదల్లేదు. ఎవరైనా అంటారు, చేసి చూస్తే కదా అనుకుంది. మర్నాడే ముక్కలు ఫర్నేస్‌లో పెట్టింది. అవి చల్లారి, విరిచే మెషీన్ మీద పరీక్షలు అయ్యాయో లేదో, విఠల్‌ని స్కూటర్ తీసుకుని కాలేజీకి రమ్మని కబురు చేసింది. ఆయన సాయంత్రం ఎండ ఉండగానే వచ్చాడు. ల్యాబులో ఇద్దరే.

"ఇది చూడండి. ఊక కలపనిది. ఎక్కువ వేడిలో కాల్చింది."

"లోపల బన్నులా ఉందే."

"మెషీన్ దాకా పోలేదు. చేత్తోనే విరిగింది."

"అయితే ఆ పిల్ల చెప్పింది నిజమే."

"నిజమే."

"నీ గొయ్యి పూడిపోయింది."

"ఒకటి పూడింది. ఇంకోటుంది. నవ్వకండి. హక్కు అడిగింది అయిదు పాళ్ళ నుంచి పదిహేను దాకా. పరీక్ష చూపించింది ఎనిమిదికీ పదికీ మాత్రమే. ఏడు నుంచి పన్నెండు అయితే మరీ మేలని ఒక మాట రాసింది గాని, చేసి చూపించలేదు. నేను అన్నీ చేశాను. అయిదు కలిపితే కలపనట్టే ఉంది. పదిహేను కలిపినది ఫర్నేస్‌లోంచి తీసేటప్పటికే పగుళ్ళిచ్చింది."

"మధ్యలోవి?"

"ఏడు బాగానే ఉంది."

"పన్నెండు?"

"స్కూటర్ ఎక్కడ పెట్టారు?"

"సుందరీ."

"బాగుంది. ఆవిడ చూపించినవాటన్నిటికన్నా బాగుంది. నేను మెషీన్ చెడిందేమోనని మళ్ళీ మళ్ళీ విరిచాను. ఆవిడకే తెలీదు తన సరుకు అంత గట్టిదని. గుడ్డిగా రాసింది, సరిగ్గా తగిలింది. కొంతమందికి అలా తగులుతుంది."

"ఇప్పుడు ఏం రాస్తావు?"

"అయిదూ పదిహేనూ నిలబడవని రాస్తాను."

"ఉబ్బిన సంగతి?"

"అది నన్ను అడగలేదు."

"అడగలేదా?"

"ఫైల్లో ఉన్న డేటా క్లెయిముకి సరిపోతుందా అని అడిగారు. ఫైల్లో ఉబ్బిందని లేదు. లేనిదాన్ని నేనెందుకు పుట్టించాలి? రెండు ముక్కల మధ్య అరవై డిగ్రీల తేడా ఉంది అని రాసి ఊరుకుంటే అందులో అబద్ధం ఏముంది?"

"ఏం లేదు."

"పోలిక చెల్లదంటే ఇక మొత్తం దరఖాస్తే పోతుంది. అది నా తప్పా? రాసుకోకపోవడం ఆవిడ తప్పు."

"ఆవిడ తప్పే."

"మరి అలా చూస్తారేం?"

"ఎలా చూశాను? నేను కరెంటు మనిషిని. మీ మట్టి సంగతి నాకేం తెలుసు. పద, దోమలు లేస్తాయి."

"కూర్చోండి కాసేపు. ...ఇది విరిగినప్పుడు నాకు కోపం వస్తుందనుకున్నానండీ. రాలేదు. లోపల ఆ బుడగలు చూశాను. ఊక ఉన్నదాన్ని విరిచి పక్కన పెట్టాను, అందులో బుడగ లేదు. అప్పుడు నాకు తెలిసింది నావి ఎందుకు పగిలేవో. నేను మట్టిని అనుమానించాను, అచ్చుల్ని అనుమానించాను, ఆఖరికి యేసుకుమార్‌ని కూడా తిట్టాను. అవేం కావు. వేడి చాల్లేదు, అంతే. ఆ వేడికి తట్టుకునేలా చేసేది కావాలి, అది మిల్లు వెనక గుట్టలు గుట్టలుగా పడుంది."

"ఇన్నేళ్ళకి తెలిసింది."

"తెలిసినప్పుడు పక్కన ఒక్కళ్ళు లేరు. మీకు చెబుతున్నాను, మీరు వింటున్నారు. కానీ మీకు ఇది బన్ను. ఈ బుడగ చూసి ‘అవునా మేడం’ అని లేచి నిలబడే మనిషి ఈ ఊళ్ళో ఒక్కత్తే ఉంది."

"ఫోన్ చెయ్యి."

"ఛస్తే చెయ్యను."

"సరే."

"రిపోర్టులో మాత్రం రాస్తాను. మొత్తం. ఆవిడ కోసం కాదు. ఈ ముక్కని నేను చూశాను, చూడలేదని రాయలేను. స్కూటర్ తియ్యండి."

ఆ వారంలోనే రిపోర్టు అచ్యుతరామారావుకి అందింది. ఆయన ఫోన్ చేసి, మీరొకసారి రావాలండీ అన్నాడు. కంపెనీవాళ్ళు ఏదో మార్చమని అడుగుతారని రమాసుందరి ముందే అనుకుంది. ఒక్క అక్షరం కూడా మార్చనని దారిపొడుగునా మనసులో అనుకుంటూ వచ్చి, అదే కుర్చీలో కూర్చుంది.

"మొత్తం చదివానండీ. అర్థంకాని చోట మళ్ళీ చదివాను."

"అర్థంకానిదేం లేదు. పోలిక నమూనా న్యాయమైనదే. తక్కువ వేడిలో ఎందుకు కాల్చాల్సి వచ్చిందో నేను చేసి చూశాను, ఫొటోలు జతచేశాను. ఆ సంగతి ఆవిడ ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పకపోవడం పొరపాటు. అదీ రాశాను. అయిదు, పదిహేను నిలబడవు. ఏడు నుంచి పన్నెండు నిలబడుతుంది. దాన్ని బ్రహ్మదేవుడు కూడా కదపలేడు."

"చాలా కష్టపడ్డారండీ. చదవమంటే మీరు మొత్తం మళ్ళీ చేశారు."

"మీ కంపెనీవాళ్ళకి రుచించదని తెలుసు. సగం వాళ్ళకి పనికొస్తుంది, సగం ఎదురు తిరుగుతుంది. పనికొచ్చే సగం చింపుకుని వాడుకుంటామంటే మాత్రం నేను ఒప్పుకోను. ముందే చెబుతున్నాను."

"ఏ కంపెనీ అండీ?"

"టైల్స్ కంపెనీ. అభ్యంతరం పెట్టినవాళ్ళు."

"వాళ్ళ ఏజెంటు చెన్నైలో ఉన్నారండీ. నాకూ వాళ్ళకీ ఏం సంబంధం లేదు."

"అదేంటి. మరి మీరు..."

"మొదటిరోజే చెప్పబోయానండీ. మీరు వద్దన్నారు."

"ఇప్పుడు చెప్పండి."

"నేను దరఖాస్తు పెట్టినామె తరఫునండీ. ప్రత్యూషగారి తరఫున."

"ప్రత్యూష తరఫున."

"అవునండీ. విచారణకి ముందే మేమే క్లెయిము ఏడు నుంచి పన్నెండుకి తగ్గించుకుంటాం. ఆ మాట దరఖాస్తులో ముందునించీ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మీరు సరేనంటే మీ పరీక్షలు మీ పేరుతోనే దాఖలు చేస్తాం. మీరు ఎవరో, ఆమెకి ఏమవుతారో కూడా దాచం. ఇక కంపెనీవాళ్ళు పట్టుకోడానికి అందులో ఏమీ మిగల్లేదండీ. ముందున్నట్టే వెళ్ళి ఉంటే అయిదు దగ్గరో పదిహేను దగ్గరో పట్టుకుని మొత్తం లాగేసేవాళ్ళు."

"పెళ్ళిలో నా పక్కన కూర్చుంది. పులిహోర తింది. ఒక్క మాట అనలేదు."

"మీకు చెప్పొద్దని నేనే అన్నానండీ. మీరే తెలుసుకోవద్దన్నాక, ఆమె చెప్పడం బాగుండదని."

"నన్ను అడుగుదామన్నది ఎవరు? మీరా, తనా?"

"నేను వద్దనే అన్నానండీ. మీకు ఆమె అంటే పడదని ఊరంతా అనుకుంటారు, వేరే ప్రొఫెసర్‌గారిని చూద్దాం అన్నాను."

"ఊరంతానా."

"క్షమించండి, నోరు జారాను."

"జారనివ్వండి. వద్దన్నారు. దానికి తనేమంది?"

"ఎందుకులెండి ఇప్పుడు—"

"చెప్పండి రావుగారూ."

"‘మెచ్చుకునేవాళ్ళు చాలామందే చదివారు సార్, ఒక్కళ్ళూ పట్టిక దాకా రాలేదు. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి కావాలి నాకు, ప్రతి అంకె దగ్గరా ఆగుతారు. అలాంటివాళ్ళు మా మేడం ఒక్కరే ఉన్నారు’ అన్నారండీ. ఏమనుకోకండి, మంచినీళ్ళు తెప్పిస్తాను."

"వద్దు, కూర్చోండి. చూశారా... అది కూడా నాకన్నా ముందు ఆ పిల్లే కనిపెట్టింది."